మోకాళ్ళతో ఎక్కే మెట్లు

వీసా వస్తే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నాను. నవ్వితే నవ్వండి. మా తిరుపతిలో వీసా కోసం మొక్కుకునేది నేనొక్కదాన్నే కాదు. కల్యాణకట్టలో నా పక్కన కూర్చున్న అమ్మాయీ అందుకే వచ్చానని చెప్పింది. ఆ పిల్లది లండనట, నాది కెనడా.

నా మనవరాలు రూపశ్రీని మూడేళ్ళప్పటి నుంచీ పెంచింది నేనే. బెంగళూరులో ఉద్యోగం వచ్చాక పండక్కి ఒకరోజు, జ్వరమొస్తే రెండు రోజులు, అంతే నా దగ్గర ఉండేది. దాన్ని ఆఫీసువాళ్ళు మాంట్రియల్ అనే ఊరికి పన్నెండు రోజుల పని మీద పంపుతుంటే, "అవ్వా, నువ్వూ రా. నాకిచ్చే రూములో ఇద్దరం ఉండొచ్చు" అంది. పన్నెండు రోజులు! నాకు ఊరు కాదు కావలసింది, ఆ పన్నెండు రోజులు. అందుకే మొక్కుకున్నాను. వీసా వచ్చింది. విమానం ఎక్కడానికి మూడు రోజుల ముందు కొండకు పోయి గుండు చేయించుకుని, గంధం పూసుకుని వచ్చాను.

తీరా అక్కడికి పోయాక పిల్ల ఎనిమిదింటికి వెళితే సాయంత్రం ఏడింటికి వచ్చేది. తింటూ కంప్యూటర్ చూసేది, చూస్తూ చూస్తూ పడుకునేది. మొదటి రెండు రోజులు కిటికీ దగ్గర కూర్చున్నాను. ఎదురుగా బస్సులు వస్తాయి, పోతాయి. హారన్ కొట్టరు. మనుషులు పోతుంటారు, ఎవరూ ఎవరినీ పిలవరు. నీళ్ళు కాచే కెటిల్ బుడబుడమంటే దాంతోనే, "ఉండు, వస్తాండా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

మూడోరోజు పొద్దున చెప్పేశాను. "పాపా, నేను బయటికి పోతా."

"వద్దవ్వా. ఈడ ఇంగ్లీషు గూడా అందరూ మాట్లాడరు. ఫ్రెంచి."

"నాకు ఇంగ్లీషూ రాదు, ఫ్రెంచీ రాదు. రెండూ ఒకటే కదే నాకు. ఇంక బయమెందుకు?"

దానికి నవ్వొచ్చింది. తన పాత నీలం బ్యాగు ఇచ్చింది, వీపుకు తగిలించుకునేది. అందులో నీళ్ళ సీసా, నిమ్మకాయ అన్నం డబ్బా, స్వెట్టరు, రూము అడ్రసు రాసిన కాగితం. నెత్తికి ఉన్ని టోపీ పెట్టి, అద్దంలో చూపించి, "సూడు, కాలేజి పిల్ల మాదిరుండావు" అంది. అరవై ఎనిమిదేళ్ళ కాలేజి పిల్లను.

అలా తిరగడం మొదలుపెట్టాను. మలుపు దగ్గరల్లా ఒక గుర్తు పెట్టుకునేదాన్ని. ఎర్ర తలుపు, కుంటి కుక్క ఉన్న ఇల్లు, గోడమీద పెద్ద చేప బొమ్మ. ఇళ్ళకు ఇనప మెట్లు బయటే మెలికలు తిరిగి ఉంటాయి ఆ ఊళ్ళో. ఎండ కాసినా చలే. రోజంతా నడిచినా నాతో ఎవరూ మాట్లాడలేదు. కానీ ఒకటి చెప్పాలి. టోపీ తీస్తే చాలు, జనం మెత్తబడిపోయేవాళ్ళు. బస్సులో ఒకబ్బాయి చటుక్కున లేచి సీటిచ్చాడు. కాఫీ అంగడిలో అమ్మాయి నా చేతి మీద చెయ్యి వేసి ఏదో అంది, కళ్ళు తడిగా ఉన్నాయి. మా వీధిలో గుండు ఆడమనిషిని చూస్తే ఎవరైనా అడిగేది ఒకటే: దర్శనం బాగా అయిందా? అంతకు మించి ఎవరూ తిరిగి చూడరు.

ముప్పై ఏళ్ళుగా గోడకు గోడ ఆనుకుని మా పక్కింట్లో ఉన్న అక్కమ్మకు ఆ ఊరి వీధిలో నిలబడి ఫోను చేశాను.

"ఏమ్మే, యాడుండావు?"

"ఏదో వీధిలో ఉండా. మే, ఈడ జనాలు నన్ను సూస్తే లేసి నిలబడతారే!"

"ఎందుకంట? నువ్వేమన్నా కలెక్టరమ్మవా?"

"మంచోళ్ళు మే."

"మంచోళ్ళయితే ఆణ్ణే ఉండిపో. నీ చెట్లకు నీళ్ళు పోయలేక చస్తాండా ఈడ."

ఫోను పెట్టేశాక వీధి ఇంకా నిశ్శబ్దమైపోయింది.

నాలుగోరోజు కొండ కనపడింది. కొండ కనపడితే మా ఊరివాళ్ళ కాళ్ళు ఊరుకోవు. దాని పక్కగా ఎత్తుమీద ఒక పెద్ద గుడి ఉంది, జోసెఫ్ స్వామిదట, పచ్చటి గుమ్మటం. కిందినుంచి పైదాకా మెట్లు. రెండు పక్కలా రాతి మెట్లు, నడుమ చెక్క మెట్లు. ఆ చెక్క మెట్ల మీద ఒకామె మోకాళ్ళతో ఎక్కుతోంది! నేను ఉన్నచోటే నిలబడిపోయాను. మా తిరుమల నడకదారిలో మోకాళ్ళ పర్వతం దగ్గర అచ్చం ఇలాగే ఎక్కుతారు, మెట్టు మెట్టుకూ ఆగి, స్వామిని తలుచుకుని. నేనూ మూడుసార్లు ఎక్కాను. స్వామి వేరైతేనేం, మోకాలు ఒకటే. బ్యాగు సర్దుకుని, చీర కుచ్చిళ్ళు ఎగదోపి, ఆమె పక్కనే మోకాళ్ళు ఆనించాను.

ఆమె తిరిగి చూసింది. యాభై ఏళ్ళుంటాయి. సన్నటి ముఖం, తలకు పూల గుడ్డ చుట్టుకుంది. పన్నెండో మెట్టు దగ్గర ఇద్దరం ఆయాసపడి కూర్చున్నాం. చెమటకు నేను టోపీ తీశాను. ఆమె నా తలవంక చూసి, చూసి, మెల్లగా తన గుడ్డ విప్పింది. నున్నటి గుండు.

నా సంతోషం ఏమని చెప్పేది! ఈ ఊళ్ళోనూ తలనీలాలు ఇస్తారన్నమాట! నేను నా తల తట్టి, ఆమె తల తట్టి, పైన గుడివైపు దండం పెట్టాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. భక్తి అనుకున్నాను. గుండె మీద వేలు పెట్టుకుని "లూసీ" అంది. నేను "చౌడేశ్వరి" అన్నాను. నాలుగుసార్లు ప్రయత్నించి, నవ్వేసి, "షోడా" అంది. నిమ్మకాయ అన్నం పెడితే మూడు మెతుకులు తిని డబ్బా వెనక్కిచ్చింది.

సాయంత్రం రూపశ్రీ రాగానే చెప్పాను. "పాపా, ఈడ కూడా గుండు మొక్కు ఉండాది!"

అంతా విన్నాక అది కంప్యూటర్ మూసేసింది. వచ్చినప్పటి నుంచీ మూసింది అదే మొదటిసారి.

"అవ్వా, అది మొక్కు కాదు. ఆమెకు క్యాన్సర్ ఉండొచ్చు. మందులకు జుట్టు రాలిపోతాది. నిన్ను గూడా అట్లే అనుకునింటాది. బస్సులో లేసినోళ్ళు, కాఫీ అంగట్లో పిల్ల, అందరూ అట్లే అనుకునింటారు."

నేను నా గుండు తడుముకున్నాను. అది నా ఫోనులో ఏదో నొక్కి ఇచ్చింది. మనం తెలుగులో మాట్లాడితే ఫోనే ఫ్రెంచిలో చెబుతుంది, వాళ్ళ మాట మనకు తెలుగులో చెబుతుంది. "రేపు పోయి నిజం చెప్పేయి" అంది.

చెప్పాలనే పోయాను. లూసీ నాకంటే ముందే వచ్చి మెట్ల దగ్గర ఎదురుచూస్తోంది. నన్ను చూడగానే లేచి చెయ్యి ఊపింది. ఆ ఊళ్ళో నా కోసం ఎదురుచూసిన మనిషి ఆమె ఒక్కతే. నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఫోను తీసి, "తిన్నావా అమ్మా?" అని అడిగాను. ఫోనులో అమ్మాయి రేడియో వార్తలు చదివినట్టు జవాబిచ్చింది: "నేను భోజనం చేశాను. మీ రాక నాకు ఆనందాన్ని ఇచ్చింది."

ఆ రోజు ఇరవై మెట్లు. మర్నాడు ముప్పై. నా మొగుడు పోయిన సంగతి చెప్పాను, చిన్నప్పటి నగరి మగ్గాల సంగతి చెప్పాను, రూపశ్రీ నాలుగో తరగతిలో బడి ఎగ్గొట్టి పుత్తూరు బస్సెక్కిన సంగతి చెప్పాను. ఆమె కూతురు దూరంగా ఉంటుందట, వారానికొకసారి మాట్లాడుతుందట. పన్నెండు రోజులు మనవరాలితో గడపాలని పోయినదాన్ని, ఏ ఊరిదో ఏ జాతిదో తెలియని మనిషితో పొద్దు గడిపాను. మూడు రోజులుగా రూపశ్రీ అడిగేది ఒకటే.

"చెప్పినావా అవ్వా?"

"చెప్తాలే."

"నిన్న గూడా అదే అన్నావు."

"చెప్తే మళ్ళా రాదేమో పాపా."

అది లేచి నా పక్కన వచ్చి కూర్చుంది, ఫోను చూసుకోకుండా కాసేపు.

తొమ్మిదోరోజు మెట్ల మీద టోపీ తీస్తే లూసీ సంతోషంతో కేక వేసింది. నా తల నిమిరింది, మళ్ళీ మళ్ళీ నిమిరింది. నూకగింజంత తెల్ల వెంట్రుకలు మొలిచాయి మరి. ఆమె ఫోను దగ్గరికి వంగి గబగబా మాట్లాడింది.

"మీ జుట్టు మొలుస్తోంది. చికిత్స మీకు పని చేసింది. నేను ప్రతిరోజూ సగం మెట్లు మీ పేరున ఎక్కాను. ఇప్పుడు నాకు కూడా మొలుస్తుందని నమ్ముతున్నాను."

ఒంట్లో శక్తి లేని మనిషి, లేని జబ్బు కోసం, నా పేరున మోకాళ్ళు అరగదీసుకుంది. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆమె అది సంతోషమనుకుని నన్ను కావలించుకుంది. ఆ రాత్రి నిద్రపోలేదు. చెబితే ఆమె ఆశ పోతుంది. చెప్పకపోతే రేపు కూడా నా పేరున మెట్లెక్కుతుంది.

పదోరోజు ఆమె మోకాలు ఆనించేలోపే భుజం పట్టి కూర్చోబెట్టాను. ఫోనులో చెప్పాను.

"అమ్మా, నాకు జబ్బు లేదు. నా తలకాయ చూసి నువ్వట్లా అనుకున్నావు. మా ఊర్లో దేవుడికి జుట్టు ఇస్తారు. నేనే ఇచ్చినాను. ముందే తెలుసు నాకు, చెప్పలేదు. నా పేరున ఎక్కొద్దు తల్లీ."

ఫోను చెప్పడం అయిపోయింది. లూసీ నా తల వంక చూసింది.

"ఎందుకు ఇచ్చారు?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే నాకు సిగ్గేసింది. "ఈ ఊరికి వచ్చేదానికి."

ఆమె మెట్టు వంక చూసింది. "నా జుట్టు తీసుకునే ముందు నన్ను ఎవరూ అడగలేదు" అంది ఫోనులో అమ్మాయి, అదే వార్తల గొంతుతో. లూసీ గుడ్డ బిగించి కట్టుకుని, లేచి, మెట్లు ఎక్కకుండానే వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు.

పదకొండోరోజు తొమ్మిదింటి నుంచి నాలుగింటి దాకా కూర్చున్నాను. రాలేదు. వచ్చిపోయేవాళ్ళు నా తల చూసి మెత్తగా నవ్వుతుంటే టోపీ చెవుల దాకా లాక్కున్నాను. అన్నం డబ్బా మూత తీయలేదు.

పన్నెండోరోజు రాత్రికి విమానం. రూపశ్రీ ఆఫీసుకు సెలవు పెట్టింది. "ఈ రోజంతా నీతోనే అవ్వా, యాడికి పోదాం?" అంది. నేను ఎదురుచూసిన రోజది. కానీ దాన్ని ఆ గుడి దగ్గరికే తీసుకుపోయాను.

లూసీ కింది మెట్టు దగ్గర నిలబడి ఉంది. నవ్వలేదు. చెయ్యి ఊపలేదు. రూపశ్రీని ఒకసారి చూసింది, నన్ను చూసింది. నేను ఫోను తీస్తే దాని దగ్గరికి వంగి నాలుగు మాటలు చెప్పింది.

"మీకు జబ్బు లేదు. అందువల్ల దయచేసి నన్ను పట్టుకోండి."

ఇన్నాళ్ళూ ఎంత ఆయాసపడినా ఆమె నా మీద ఆనలేదు. నేనూ తనలాంటిదాన్నేనని. ఇప్పుడు మోకాళ్ళు ఆనించి, నా మెడ చుట్టూ చెయ్యి వేసి, మనిషి మొత్తం నా మీద వాలింది. నేను బరువుకు సిద్ధపడి పళ్ళు బిగించాను.

బరువే లేదు. తడి చీర భుజాన వేసుకున్నంత కూడా లేదు. కోపమంతా ఆ సన్నటి చేతిలోనే ఉంది, నా మెడను గట్టిగా పట్టుకుంది. ఒక్కో మెట్టూ ఎక్కించాను. ముప్పై దాటాం, నలభై దాటాం. కింద రూపశ్రీ ఒంటరిగా నిలబడి మమ్మల్నే చూస్తోంది. అరవై రెండో మెట్టు దగ్గర లూసీ ఆగి, తల నా భుజం మీద ఆనించి, ఇక చాలని చెయ్యి కదిపింది.