రోలాలో పావురాల పంచాయితీ

తాగుబోతు మొగుడితో వేగే ఆడదానికి వీధి వీధంతా చుట్టమే. పేకాడేవాడైనా, నోరు పారేసుకునేవాడైనా సరే, నలుగురిలో చెప్పుకుని ముక్కు చీదుకోవచ్చు. న్యాయబుద్ధి ఉన్న మొగుడి గురించి ఎవరికి చెప్పుకోవాలో మాత్రం ఇన్నేళ్ళ కాపురంలో మంజులకు తెలిసిరాలేదు. చెప్పబోతే "అదృష్టవంతురాలివి" అంటారు. ఆ అదృష్టంతో కాపురం చేసేది వాళ్ళు కాదు కదా.

కూరలో ఉప్పు ఎక్కువైతే వెంకట్రాములు అందరు మొగుళ్ళలా విసుక్కోడు. ఉప్పు వైపు ఒకసారి, మంజుల వైపు ఒకసారి విని గాని మాట అనడు. అందరి తప్పులూ తూకం వేయగల మనిషే. తన తప్పు తూచే తక్కెడ మాత్రం ఇంతవరకు ఆయనకు దొరకలేదు. వాళ్ళ బాపు, అంటే తండ్రి భోజన్న, కోరుట్ల దగ్గరి ఊళ్ళో పెద్దమనిషి. పంచాయితీ తెగేదాకా రెండు వైపులవాళ్ళ ఇళ్ళలోనూ గుక్కెడు మంచినీళ్ళు ముట్టేవాడు కాదట. ఆ కథ మంజుల పెళ్ళైన వారంలోనే వింది. తర్వాత నెలకోసారి వింటూనే ఉంది.

ఆ చలికాలం మొదట్లో, షార్జా రోలాలోని వాళ్ళ పాత బిల్డింగుకు పావురాల పీడ ముదిరింది. ఎవరో కిటికీలోంచి అన్నం వేస్తున్నారు. పావురాలు గుంపులుగా దిగి, తిన్నంత తిని, ఏసీ పెట్టెల మీదా ఆరేసిన బట్టల మీదా తమ అభిప్రాయాలు వదిలి పోతున్నాయి. రెండో అంతస్తు దిల్షాద్ బేగం తన తెల్లదుప్పటిని ఉతికి ఉతికి విసిగి, చివరికి ఉతకకుండానే తీసుకెళ్ళి బిల్డింగు మేనేజరు బల్ల మీద పరిచింది.

మేనేజరు తెలివైనవాడు. తన మెడకు చుట్టుకోబోయేదాన్ని తీసి అద్దెకున్నవాళ్ళ మెడకు చుట్టాడు. ముగ్గురిని ఏరి కమిటీ వేశాడు. "శిక్ష వేయడం మీ పని కాదు. ఎవరి మీదైనా ఫిర్యాదు నిలుస్తుందా లేదా, అంతవరకే తేల్చండి. నిలుస్తుందంటే ఆ ఫ్లాటు ఖాళీ చేయించడం నేను చూసుకుంటాను. తేలేదాకా లోపలి మాట బయటికి పొక్కకూడదు" అన్నాడు.

ఆ ముగ్గురిలో ఒకరు పై అంతస్తులో పిల్లలకు ట్యూషన్ చెప్పే ఫైజా, కర్నూలు అమ్మాయి. ఇంకొకరు కింద సెలూన్ నడిపే పోచన్న. మూడోవాడు వెంకట్రాములు. ఆయన్ని ఎందుకు ఏరారంటే, ఒకటి మీసం, రెండు మౌనం. ఈ రెండూ ఉన్న మనిషిలో తెలివి కూడా ఉంటుందని లోకానికి ఒక నమ్మకం.

వారంలో సగం సాయంత్రాలు ఫైజా ఇంటి హాల్లో కమిటీ కూర్చునేది. ట్యూషన్ పిల్లలు మెట్ల మీద గోలీలాడుకునేవాళ్ళు. పోచన్న ఒకరోజు ఒకాయనకు సగం గడ్డం గీసి, మిగతా సగం కమిటీ అయ్యాక అని కుర్చీలో కూర్చోబెట్టి వచ్చాడు. వెంకట్రాములు దుబాయ్ అవతల జెబెల్ అలీలో తన కంపెనీ ఇచ్చే ఓవర్‌టైమ్‌కు సలాం చెప్పి పరుగున ఇంటికొచ్చేవాడు.

ఓవర్‌టైమ్ పోతే పోయింది. మంజుల భయం అది కాదు. వెంకట్రాములు కంపెనీలో కొత్త ముదీర్, అంటే పెద్ద సారు, వచ్చాడు. వచ్చే ఏడాది నుంచి ఫోర్‌మన్‌కు, ఆ పైవాళ్ళకే పెళ్ళాంపిల్లల వీసాలు, మిగతావాళ్ళంతా కంపెనీ క్యాంపుకు మారాలని చెప్పాడు. వెంకట్రాములు ఇంకా ఫోర్‌మన్ కాలేదు. ఆ నెలలోనే కావాలి. "పని నీకు వచ్చు, నాకు తెల్సు. టైముకు రా. మూడుసార్లు లేటైతే ఖలాస్" అని ముదీర్ ముందే చెప్పాడు. ఖలాస్ అంటే, మంజుల, బడికి పోయే కూతురు కల్పన పెట్టె సర్దుకుని కోరుట్లకు పోవడం. ఆయన ఒక్కడే క్యాంపులో మిగలడం.

టైముకు పోవడం మొన్నటిదాకా కష్టం కాలేదు. పక్క ఫ్లాటు రాజబాబుది రాజోలు వైపు. జెబెల్ అలీలోనే ఒక గోడౌన్‌లో పని. ఆయన దగ్గర పాత తెల్లకారు ఉంది. వెంకట్రాములు చీకటుండగానే లేచి, స్నానం చేసి, చనిపోయిన బాపు పేరున ఒక ముద్ద కిటికీ బయట పెట్టి, కిందికి దిగి రాజబాబు కారెక్కేవాడు. దారంతా రాజబాబు మాట్లాడేవాడు, ఈయన వినేవాడు. ఇద్దరికీ కుదిరింది.

కమిటీ రెండోసారి కూర్చుని లేచిన మర్నాడు వెంకట్రాములు ఇంకా ముందే లేచి బస్సుకు బయల్దేరాడు.

"కారేమైంది?" అంది మంజుల.

"కారుకేం గాలే."

"మరి రాజబాబుకేమైంది?"

"అడుగకు. చెప్పరాదు."

బస్సు, దాని తర్వాత మెట్రో, దాని తర్వాత కంపెనీ వ్యాను. బస్సు షార్జా దాటడానికి తన ఇష్టమొచ్చినంతసేపు తీసుకుంది. వ్యాను ఎవరి కోసమూ ఆగే రకం కాదు. ఆ రోజు మొదటి లేటు పడింది.

రాత్రి పప్పు వడ్డించింది. వెంకట్రాములు కలపబోయి ఆగి, పప్పులోంచి ఒక కరివేపాకు తీసి వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఇదెక్కడిది?"

"ఎప్పుడూ ఎక్కడిదో అక్కడిదే. దుర్గ వాళ్ళ బాల్కనీ కుండీలది."

పళ్ళెం నెమ్మదిగా పక్కకు జరిపాడు. ఖుబూస్ రొట్టె, పెరుగు తెచ్చుకుని తిని పడుకున్నాడు. వీరదుర్గ రాజబాబు భార్య. ఆవిధంగా, ప్రాణం పోయినా పొక్కకూడదనుకున్న కమిటీ రహస్యం పప్పులో కరివేపాకు దగ్గర బయటపడింది. అనుమానం రాజబాబు ఇంటి మీద ఉంది, ఈయన పెద్దమనిషి. తెగేదాకా వాళ్ళ కారూ వద్దు, కరివేపాకూ వద్దు.

"మీ బాపు నీళ్ళు ముట్టకపోతే ఊళ్ళె బాయి ఉండె. నీకు జెబెల్ అలీదాకా బాయి ఎవరు తవ్విన్రు?" అని చీకట్లో అడిగింది మంజుల.

గురక వినబడింది. న్యాయం నిద్రపోయింది.

మూడు రోజులకు రెండో లేటు పడింది. ఇక మిగిలింది ఒక్కటే.

ఆ మధ్యాహ్నం వీరదుర్గ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. పొద్దున ఒక అరబ్బు ఇంట్లో పనికి పోయి మధ్యాహ్నానికి తిరిగొచ్చే మనిషి. నిలబడే చెప్పింది.

"చూడండి మంజులక్కా, మమ్మల్ని పిలిచి ఫోటో చూపించారండి. మా ఏసీ పెట్టె మీద అన్నం. నేను పెట్టలేదని సెబితే పోచన్నగారు ఆ ఏసీ ఎవరిదమ్మా అంటాడు. మీ ఆయనైతే మావంక సూడనైనా సూళ్ళేదు. ఫ్లాటు ఖాళీ సేయమంటే ఈ అద్దెల్లో ఎక్కడికెళ్తామండీ?"

"ఏడ్వకు దుర్గా. ఏం అన్నమట?"

"అదేనక్కా యిచిత్రం. ఎర్రగా ఉందండి. పచ్చడేసి కలిపినట్టు. పావురాలకి పచ్చడన్నం ఎవరు పెడతారండీ?"

మంజుల స్టవ్ మీద పెట్టబోయిన టీ గిన్నె చేతిలోనే ఆగింది.

మామ భోజన్నకు మామిడికాయ తొక్కు లేనిదే ముద్ద దిగేది కాదు. పెళ్ళిళ్ళలో కూడా జేబులో పొట్లం కట్టుకుపోయి లడ్డూ పక్కన వేసుకున్న ఘనుడు. కరోనా ఏడాది, విమానాలు ఆగిపోయిన రోజుల్లో ఆయన పోయాడు. పెద్దకొడుకు వెంకట్రాములు దుబాయ్‌లో చిక్కుపడి, తమ్ముడు పట్టుకున్న ఫోన్లో తండ్రిని సాగనంపాడు. పిట్టకు పిండం పెట్టిన నాడు కాకి వచ్చి ముట్టిందో లేదో చూద్దామంటే సరిగ్గా అప్పుడే సిగ్నల్ పోయింది. ఆ నాటి నుంచి రోజూ పొద్దున, తాను తినకముందు, తొక్కు కలిపిన ముద్ద ఒకటి వంటింటి కిటికీ బయట గట్టు మీద పెడతాడు. పెట్టి దండం పెట్టుకుని వెళ్ళిపోతాడు. తెల్లవారేసరికి గట్టు ఖాళీ అవుతుంది. బాపు తిన్నాడని ఆయన తృప్తి.

మంజుల కిటికీలోంచి తల బయటికి పెట్టి చూసింది. వాళ్ళ గట్టు, దాని పక్కనే ఒక జానెడు కిందుగా రాజబాబు ఏసీ పెట్టె. పెట్టె మీద రెండు ఎర్ర మెతుకులు. ఎదురు మేడ మీద బాపులు బారులు తీరి కూర్చున్నారు.

సాయంత్రం వెంకట్రాములు కాళ్ళు కడుక్కుంటుంటే మొదలుపెట్టింది.

"ఆ పావురాల ముచ్చట..."

"ఇంట్ల కేసు మాట తియ్యద్దన్న గదా."

"కేసు మాట కాదు. మన కిటికీ మాట."

"మన కిటికీ కేసుకు దగ్గరనే ఉన్నది. ఒద్దు." చెవుల మీద తువ్వాలు కప్పుకున్నాడు.

తినేటప్పుడు ఇంకోదారిన వచ్చింది. "బాపుకు రోజూ తొక్కేనా? ఒకనాడు పెరుగన్నం పెట్టరాదూ, తెల్లగ ఉంటది."

"బాపు ముచ్చట బాపుది. కమిటీ అయ్యేదాకా నాతోని ఎక్కువ మాట్లాడకు. నువ్వు దుర్గకు దోస్తువు. నిన్ను అడ్డం పెట్టి సిఫారసు చేపిస్తున్నరంటరు."

"సరే. నేను సాక్ష్యం చెప్తా. సాక్షినన్న ఇంటవా?"

వెంకట్రాములు ఆలోచించాడు. ఇందులో తప్పు పట్టడానికి ఆయనకేమీ దొరకలేదు. "రేపు కమిటీ ఉన్నది. అందరి ముందట చెప్పు. నా పెండ్లానివని ఇడిసిపెట్ట, చూస్కో."

"ఇడిసిపెట్టకు" అంది మంజుల.

మర్నాడు ఫైజా హాల్లో అందరూ చేరారు. రాజబాబు, వీరదుర్గ ఒక పక్క. దిల్షాద్ బేగం దుప్పటితో సహా ఇంకో పక్క. మంజుల కొంగు చాటు నుంచి తొక్కు సీసా తీసి బల్ల మీద పెట్టింది. మూత తీయగానే పోచన్న ముక్కు ముందుకొచ్చింది. వేలితో ముట్టి నాలుక మీద వేసుకున్నాడు.

"మెంతిపిండి ఎక్కువ. ఇది గోదావరోళ్ళది కాదు, మా దిక్కుది."

"సీసా ఎవరిది?" అంది ఫైజా.

"మాది" అంది మంజుల. "ఇది కలిపిన ముద్ద రోజూ ఎవరి కిటికీ గట్టు మీద ఎవరు పెడుతున్నరో కమిటీలనే ఒకాయనకు తెలుసు. నన్ను చెప్పమంటరా, ఆయననే చెప్పమంటరా?"

పోచన్న ఫైజా వంక చూశాడు. ఫైజా వెంకట్రాములు వంక చూసింది. వెంకట్రాములు సీసా వంక చూశాడు. మీసం కింద ఏదో కదిలింది.

"అది పావురాలకు గాదు" అన్నాడు చివరికి. "మా బాపుకు."

ఫోన్లో సాగనంపిన సంగతి, సిగ్నల్ పోయిన సంగతి మంజులే నాలుగు ముక్కల్లో చెప్పింది. దిల్షాద్ బేగం కాసేపు దుప్పటి అంచు సర్దుకుంది.

"మీ బాపుకు చెప్పు భాయ్" అంది, "తింటే తినని. జర సాఫ్‌గ తినమను."

మేనేజరు దాకా పోయేంత విషయం లేదని ఫైజా అంది. పోచన్న తల ఊపాడు. ముద్ద కిటికీ లోపల, బాపు ఫోటో ముందు పెట్టుకుంటే సరిపోతుందన్నారు. ఇక వెంకట్రాములు తన మాట చెప్పాలి. ఆయన లేచి, గొంతు సవరించి, రెండు వైపులా చూశాడు.

"నేను పెట్టింది నా గట్టు మీద. మెతుకులు పోయింది రాజబాబు పెట్టె మీదికి. నేను పొమ్మనలే, వాళ్ళు రమ్మనలే. నడుమల గాలి ఉన్నది. తప్పు ఎవరిదీ గాదు. గాలిది."

రాజబాబు భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు. మంజుల సీసా మూత గట్టిగా బిగించింది. ఇంకేదీ బిగించే వీలు లేక.

తెల్లవారుజామున వెంకట్రాములు ముద్ద ఫోటో ముందు పెట్టి, అన్నం డబ్బా పట్టుకుని ఎప్పటిలా కిందికి దిగాడు. పంచాయితీ తెగింది కాబట్టి కారెక్కవచ్చు. బస్సుకు ఎప్పుడో ఆలస్యమైపోయింది. ఈ కారు తప్పితే మూడో లేటు. మంజుల వంటింటి కిటికీ తెరిచి నిలబడింది. వీధిలో ఇంకా మోటార్ల రొద మొదలుకాలేదు, మాటలు తేటగా వినబడుతున్నాయి.

వెంకట్రాములు కారు తలుపు లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు. రాజబాబు అద్దం నాలుగు వేళ్ళంత దించాడు.

"తమ్మీ, తలుపు తియ్యి. టైమైతున్నది."

"గాలిది తప్పన్నారు కదండీ."

"అవ్."

"మా ఏసీ మీదికి అన్నం మోసిన గాలే కదండీ. మిమ్మల్ని జెబెల్ అలీకి మొయ్యదేటండీ?"

ఇంజను ఆడుతూనే ఉంది. వెంకట్రాములు కారు చుట్టూ సగం తిరిగి అటు తలుపు కూడా చూశాడు. అదీ రాలేదు. చేతి గడియారం చూసుకున్నాడు, వీధి చివర బస్టాపు వైపు చూశాడు, చివరికి పైకి చూశాడు. కిటికీలో మంజుల. పక్క కిటికీలో వీరదుర్గ. ఎదురు మేడ మీద పావురాలు, మొదటిసారి టిఫిను లేక, ఆయన వంకే చూస్తున్నాయి.

"తప్పు నాదే" అన్నాడు డబ్బాతో.

"ఆయ్? ఇంజను మోతండి, ఇనబళ్ళేదు."

"తప్పు నాదే, రాజబాబూ."

"మా ఆవిడ పైనుందండి. ఏడ్చింది ఆవిడ కదా."

వెంకట్రాములు తల ఎత్తి, డబ్బా రెండో చేతిలోకి మార్చుకుని, మూడో అంతస్తుదాకా వినబడేలా చెప్పాడు.

"దుర్గమ్మా, గాలిది గాదు. తప్పు నాది."