కేబులు జడలో వెంట్రుక

ఆదివారం తలంటుకున్నాక హైమవతి జుట్టు విరబోసుకుని కూర్చోగలిగిన చోటు ఆ ఇంట్లో ఒక్కటే. ముందుగదిలో కిటికీ పక్కనున్న టంకం బల్ల. వంటింట్లో అడుగు పెట్టాలంటే మాత్రం బిగించి ముడి వేయాల్సిందే. కాపురానికొచ్చిన కొత్తలో పప్పుచారులో ఓ వెంట్రుక వస్తే, అత్తగారు పాపాయమ్మ దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, బంతిలో కూర్చున్నవాళ్లందరికీ చూపించి, "మా కోడలు చారులో తాళ్లు పేనుతోందర్రా" అంది. ఆ తర్వాత ఏ పెళ్లికెళ్లినా, ఏ పేరంటానికెళ్లినా ఆ వెంట్రుక కథ చెప్పేది. చెప్పినప్పుడల్లా అది కాస్త పెరిగేది. పాపాయమ్మ పోయేనాటికి రావులపాలెంలో అరటిగెలల లారీకి కట్టే మోకంత అయింది. విన్నవాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లతోపాటు హైమవతీ నవ్వేది. నవ్వి, వంటింట్లోకెళ్లి ముడి ఇంకాస్త బిగించుకునేది.

టంకం బల్ల దగ్గర ముడేసుకోమని ఎవరూ అనలేదు. అక్కడ పనిచేసేది ఆమె అని బయట ఎవరికీ తెలియదు మరి.

భర్త విశ్వనాథ్ బ్యాంకు ఉద్యోగి. పాటలంటే ప్రాణం. ఇన్నీసుపేటలో ఆ ఇంటి ముందుగదంతా ఆయన సరంజామాయే: సీడీ ప్లేయరు, యాంప్లిఫయరు, చెరో మూలా నిలువెత్తు స్పీకరు. రెండింటికీ సరిగ్గా ఎదురుగా ఒక పేము కుర్చీ. పాట అసలు రుచి ఆ కుర్చీలోనే తెలుస్తుందట. దాని కాళ్లకింద సుద్దముక్కతో గుర్తులు కూడా పెట్టాడు. "కుర్చీ జరిపావంటే ఊరుకోను" అంటే, హైమవతి ఇన్నేళ్లుగా దాని చుట్టూ తడిగుడ్డ పెట్టి తుడుస్తోంది. ఒక్కసారీ అందులో కూర్చోలేదు. ఆమె పాటలు వినేది వంటింటి గుమ్మం దగ్గర నుంచే. ఆ గుమ్మం ఎడమ స్పీకరుకి ఆనుకుని ఉంటుంది.

ప్లేయర్లోంచి యాంప్లిఫయర్లోకి పాటని మోసుకెళ్లే మూరెడు తీగలోనే మహిమంతా ఉందని విశ్వనాథ్ ఎక్కడో చదివాడు. కంపెనీ తీగ కొనే స్తోమత లేదు. అప్పుడే బ్యాంకులో కంప్యూటర్లు పెట్టారు. గోడల వెంబడి వేయగా మిగిలిన వైరు ముక్కలు సంచిలో వేసుకొచ్చాడు. "ఏమేవ్, ఈ కొస కాస్త పట్టుకో" అన్నాడు మొదటి ఆదివారం. పట్టుకుంది. ఆయన చేతిలో టంకం వేసే సోల్డరింగ్ గన్ను జ్వరమొచ్చినట్టు వణికింది, తీగ తొడుగు కాలి కంపు కొట్టింది. "నీ చెయ్యి కదలదు గదా, ఈ చుక్క నువ్వు పెట్టు" అన్నాడు రెండో ఆదివారం. పెళ్లయ్యాక ఆమె చేతుల గురించి ఆయనన్న మంచిమాట అదొక్కటే. ఆ మాట కోసమే కాబోలు, ఆ తర్వాత ఆయన పేపరు చదువుకుంటున్నా ఆమె బల్ల దగ్గర నుంచి లేవలేదు. కాగే టంకం వాసన సాంబ్రాణిలా ఉండేది. వీపు మీద తడిజుట్టు ఆరుతూ ఉండేది. ఒక్కో కేబులుకి కావలసిన మూడు తీగలూ పక్కపక్కనే పెట్టి అతికితే స్పీకర్లలో తుమ్మెద దూరినట్టు రొద. ఒకరోజు ఆమె ఏదో ఆలోచనలో, జుట్టుని మూడు పాయలు తీసి అల్లినట్టే ఆ మూడు తీగల్నీ అల్లేసింది. "ఇదేంటే, దీనిక్కూడా జడేశావా? పూలు కూడా పెట్టు" అని నవ్వాడు విశ్వనాథ్. తగిలించి చూశాడు. రొద లేదు. నవ్వూ ఆగిపోయింది.

వారం తిరక్కుండా స్నేహితులొచ్చారు. "ఈ అల్లిక నేనే కనిపెట్టానండీ" అన్నాడు విశ్వనాథ్. తీగ ఎక్కడిదంటే, ఓ నెల జపాను నుంచి వచ్చింది. మరో నెల అంతర్వేది దగ్గర సముద్రంలో మునిగిపోయిన జర్మనీ ఓడలోంచి జాలరి వలకి చిక్కింది. వలతోపాటు ఒక జర్మనీవాడు కూడా పైకొస్తాడేమోనని హైమవతి పకోడీల పళ్లెం పట్టుకుని ఎదురు చూసేది. వాళ్లల్లో ఎవరైనా మర్యాదకి "మీరేమంటారండీ?" అని అడిగితే, "వైరు వైరేగా అండీ, నాకేం తెలుసు" అనేది. ఆ మాట ఆమెకి ఎవరూ నేర్పలేదు. వేలిమీద టంకం కాల్చిన మచ్చ చూసి అడిగితే, "అప్పడాలు వేయిస్తుంటే నూనె చిందిందండీ" అనేది. అదీ ఎవరూ నేర్పలేదు. ఆయన ఒక అబద్ధం ఆడితే తను రెండు ఆడింది. పైగా ఆ తీగని వాళ్లు మెచ్చుకుంటుంటే గుమ్మం చాటున తనకి లోపల తీపిగా ఉండేది. అలా దొంగతనంగా సంతోషపడాల్సి వచ్చినందుకు ఒళ్లంతా కుంచించుకుపోయేది.

ఈ ఆదివారం తణుకు నుంచి రైసుమిల్లు పల్లంరాజు గారొచ్చారు. విన్నారు. కళ్లు మూసుకుని మళ్లీ విన్నారు. "అబ్బబ్బ! పాడే మనిషి ఊపిరి పీల్చుకోడం కూడా వినపడతందండి ఆయ్. విశాపట్నంలో మావాళ్లందరికీ ఇవే కావాలండి. మీ పేరు రాసి మరీ ఇప్పిస్తాను."

"దానికేముందండీ, ఆదివారం ఆదివారం కూర్చుని చేసేస్తాను" అన్నాడు విశ్వనాథ్.

వంటింట్లో అట్లకాడ పట్టుకున్న హైమవతి చెయ్యి ఆగిపోయింది. తనకంటూ ఉన్నవే ఆ ఆదివారాలు, చేయాల్సిందీ తనే.

"అతుకెలా ఉందో ఒక్కసారి చూడొచ్చాండి?" అంటూ రాజు గారు పేము కుర్చీలోంచి లేచి, టంకం బల్ల మీద చేసి ఉంచిన ఇంకో కేబులు తీసుకుని, దాని పిన్ను మీది ఇత్తడి తొడుగు మెల్లిగా విప్పారు. కళ్లజోడు పైకి తోశారు. అల్లికలోంచి ఏదో నల్లగా తొంగి చూస్తోంది. గోటితో పట్టుకుని లాగారు. లాగుతుంటే వస్తూనే ఉంది. మూరెడు వెంట్రుక! తీగలతోపాటు పాయల్లో కలిసి అల్లుకుపోయింది.

"ఏంటండోయ్, మీ నెత్తి మీద చూస్తే నాలుగు కూడా లేవు. ఇదెక్కడిదండి?"

విశ్వనాథ్ తడుముకోలేదు. "మా ఆవిడదేనండి. మొన్నటిదాకా చార్లో వచ్చేవి, ఇప్పుడు కేబుళ్లలోక్కూడా దూరాయి. ఇల్లంతా రాల్చుకుంటూ తిరుగుతుంది."

ఇద్దరూ నవ్వారు. గుమ్మంలో నిలబడ్డ హైమవతి తల దానంతటదే వంగిపోయింది. చెవులు వేడెక్కాయి. "చూసుకోలేదండీ, తప్పయిపోయింది" అంది.

"పోనివ్వండి చెల్లెమ్మగారూ, అదేం పెద్ద తప్పని!" అన్నారు రాజు గారు. మంచాయన.

వంటింట్లోకి వెళ్లి, అలవాటుగా ముడి బిగించబోయింది. చేతులు తల వెనకే ఆగిపోయాయి. తను దేనికి తప్పయిపోయిందంది? చారు తను వండిందే కాబట్టి అందులో వెంట్రుక వస్తే సిగ్గుపడింది. సరే. మరి ఈ తీగ ఆయన చేశానంటున్నదాయె. అందులో వెంట్రుక వస్తే ఆయన కదా తలొంచుకోవాలి? కీర్తి ఆయనకిచ్చి, తప్పు ఒక్కటీ కొంగున కట్టుకుంది. ఇన్నాళ్లూ మింగిన సిగ్గులన్నీ ఒక ఎత్తు, ఇప్పుడు తనని చూసి తనకే వేసిన సిగ్గు ఒక ఎత్తు.

"హైమా, కాఫీ!"

తీసుకెళ్లింది. గ్లాసులు బల్ల మీద పెట్టింది. రాజు గారి చిటికెన వేలికి ఆ వెంట్రుక ఇంకా చుట్టుకునే ఉంది. మొహం మండుతోంది. అయినా మాట వచ్చింది.

"ఆ వెంట్రుక నాదేనండీ. ఆ అల్లిక కూడా నాదే."

రాజు గారి చేతిలో గ్లాసు నోటిదాకా వెళ్లి ఆగింది. ఆయన ముందు ఆమె వేలిమీది మచ్చ వంక చూశారు. తర్వాత విశ్వనాథ్ వంక చూశారు.

"ఏంటే, ఏం మాట్లాడుతున్నావు?" అన్నాడు విశ్వనాథ్. గొంతులో నవ్వుందో కోపముందో ఆయనకే తెలియనట్టుంది.

హైమవతి వెనక్కి జరిగింది. చేతికి తగిలిన పేము కుర్చీలో కూర్చుండిపోయింది. కూర్చున్నాక గానీ అది ఏ కుర్చీయో తెలియలేదు. సుద్ద గుర్తులు చెదిరాయి. లేవాలనుకుంది. సిగ్గుతో తల ఇంకా పైకెత్తలేదు. కానీ లేవలేదు.

పాట నడుస్తూనే ఉంది. అది కుడిపక్క నుంచి కూడా వస్తుందని ఆమెకి అప్పుడే తెలిసింది.