జెముడుకాకికి పూచీ

దర్జీకి ఈ మధ్య కొత్త చుట్టం ఒకటి దొరికింది. కుట్టుమిషను పక్క కిటికీలోంచి చూస్తే, పెరటి కంచె పొదల కింద నుంచి రోజూ నడిచి వచ్చే జెముడుకాకి. ఒళ్లు నల్లన, రెక్కలు ఇటుక రంగు, కళ్లు చింతనిప్పులు, వెనక ఈడ్చుకొచ్చే పొడుగాటి తోక. రెక్కలున్న సంగతే మరిచిపోయినట్టు నేల మీద తాపీగా తిరుగుతూ, ఎండుటాకులు తిరగేసి నత్తల్నీ పురుగుల్నీ ఏరుకు తింటుంది. పొదలో దూరాక మాత్రం కడవలో నోరుపెట్టి పిలిచినట్టు "ఊప్, ఊప్" మంటుంది.

కొలతలకు వచ్చినవాళ్లందరికీ అతను దాని గొప్ప చెప్పేవాడు. "ఇది కోయిల జాతేనండీ. అలాగని పరాయి గూట్లో గుడ్లు పెట్టేసి చేతులు దులుపుకోదు. తన గూడు తనే కట్టుకుంటుంది, తన పిల్లల్ని తనే సాక్కుంటుంది. మర్యాదగల పిట్ట!" మెడలో టేపు వేసుకుని పక్షికి పూచీ పడే దర్జీ ఇంకెక్కడా ఉండడు.

ఆ పెరట్లోనే అతను సరదాకి పెంచుకునే కౌజుపిట్టల బోను ఉంది. అవి నేల మీదే గుడ్లు పెడతాయి. కొన్నాళ్లుగా గుడ్లు మాయమవుతున్నాయి.

భర్త పోయాక అతని అక్క ఆ ఇంటికే వచ్చి ఉంటోంది. పక్క వీధిలో ఉన్న ఆమె కూతురు నిండు చూలాలు. వంటింటి తలుపు పక్క మేకుకు తగిలించిన గుడ్డసంచి తీసుకుని అక్క రోజూ మధ్యాహ్నం కూతుర్ని చూసి వస్తుంది. గుడ్లూ, సంచీ దర్జీ బుర్రలో ఒకదానికొకటి కుట్టుకుపోయాయి.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అన్నాడు భార్యతో, గొంతు తగ్గించి. "అడిగితే నేను కాదంటానా?"

"ఛ, ఊరుకోండి. వదిన అలాంటిది కాదు. ఏ పిల్లి పనో అయ్యుంటుంది."

"పిల్లి అయితే పిట్టల్నే తినేది. గుడ్డుతో సరిపెట్టుకుంటుందా?"

అక్క స్నానానికి వెళ్లినప్పుడు సంచి దించి చూశాడు. ఒక డబ్బా, దువ్వెన, అతని కుట్టుపనిలో మిగిలిన పీలికలు అతికించి కుట్టిన చంటిపిల్ల చొక్కా. గుడ్లు లేవు. అమ్మ పోయాక తనకు అన్నం కలిపి పెట్టిన అక్క సంచి అది. సిగ్గుపడాల్సింది పోయి, 'ఇవాళ తియ్యలేదు కాబోలు' అనుకున్నాడు మహానుభావుడు.

మర్నాడు కాజాలు కుడుతూ కిటికీలోంచి చూశాడు. జెముడుకాకి తీరిగ్గా నడిచి వచ్చి బోను దగ్గర ఆగింది. అడుగున వల వదులైన చోట తల లోపలికి దూర్చింది. ఒక గుడ్డు ముక్కున కరుచుకుని, ఎగరనైనా ఎగరకుండా, వచ్చిన దారినే నడిచిపోయింది.

దర్జీ ముఖం సిగ్గుతో వేడెక్కింది. కానీ ఆ సిగ్గు వెనకే, అక్క కాదు కదా, హమ్మయ్య అని సంతోషం తన్నుకొచ్చింది. ఆ సంతోషమే కొంప ముంచింది.

"అక్కా! దొంగ దొరికిందే!" అంటూ వంటింట్లోకి పరిగెత్తాడు. "గుడ్లెత్తుకుపోయేది జెముడుకాకి! నా కళ్లతో చూశా!"

అక్క పకపకా నవ్వింది. "నువ్వంతగా మెచ్చుకుంటుంటే దానికి ధైర్యం రాదుట్రా! వెళ్లి ఆ కంత మూసెయ్." ఆ నవ్వు ముఖాన ఉండగానే అడిగింది. "మరి ఇన్నాళ్లూ ఎవరనుకున్నావురా?"

పిల్లి అంటే పోయేది. వెధవ అబద్ధం కూడా వేళకు అందలేదు. భార్య తలెత్తకుండా కూరగాయలు తరుగుతోంది. అతని కళ్లు, పాడు కళ్లు, మేకు మీది సంచి దాకా వెళ్లి వచ్చాయి.

అక్క కూడా అటు చూసింది. ఇక నవ్వలేదు. తడిచేతులు కొంగుకు తుడుచుకుని, సంచి దించి తీసుకెళ్లి, కుట్టుగదిలో అతని కత్తిరింపు బల్ల మీద బోర్లించింది. డబ్బా మూత తీసి పెట్టింది.

"చూసుకో నాయనా" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది అతనికి.

"వద్దక్కా..."

"ఫరవాలేదు, చూసుకో" అంటూ చంటి చొక్కా మడత విప్పి అతని ముందు పరిచింది.

దర్జీకి తల కొట్టేసినట్టయింది. నిన్న ఆ మడత విప్పి, అక్క గుర్తుపట్టకుండా మళ్లీ అలాగే మడిచి పెట్టింది తనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడే మొదటిసారి చూస్తున్నవాడిలా ఆ చొక్కా వంక చూస్తూ నిలబడ్డాడు.