రావు వి.ఎస్.

మద్రాసు నుంచి తెనాలి వెళ్లాల్సిన తోమాసు దారిలో బాపట్లలో దిగి శేషగిరిరావు ఇంటికి వచ్చాడు. మంచి కబురు తెచ్చానన్నాడు. మద్రాసులో ఒక పెద్ద లైబ్రరీకి అమెరికా నుంచి లావుపాటి సంపుటాలు వచ్చాయట. ఒకరు రాసిన పరిశోధనా పత్రాన్ని ప్రపంచంలో ఎవరెవరు తమ పత్రాల్లో ప్రస్తావించారో వాటిలో ఉంటుంది. పీత కాలి నరం మీద శేషగిరిరావు చేసిన పనిని పందొమ్మిది మంది ప్రస్తావించారు.

“ఇంటర్వ్యూకి పంపే కాగితాల్లో ఆ అంకె తప్పకుండా రాయండి మాస్టారూ,” అన్నాడు. కాఫీ తాగి, మాస్టారి భార్య జయలక్ష్మికి నమస్కారం పెట్టి, సాయంత్రం ప్యాసింజరుకి వెళ్లిపోయాడు.

శేషగిరిరావు బాపట్లలో జంతుశాస్త్రం లెక్చరరు. తోమాసు ఒకప్పుడు ఆయన విద్యార్థి. రేపల్లె నుంచి తడిగోనెలో చుట్టి పీతలు తెచ్చిపెట్టేవాడు. ఇప్పుడు తెనాలిలో తనూ లెక్చరరే. కొత్తగా పెడుతున్న పి.జి. సెంటర్లో రీడరు పోస్టు ఒకటే ఉంది. దానితోపాటు సొంత లాబరేటరీ, నరంలో పుట్టే విద్యుత్తును తెర మీద గీతగా చూపించే యంత్రం. కాలేజీ వెనకగదిలో పాత సామానుతో కుస్తీ పడుతూ శేషగిరిరావు ఇన్నేళ్లూ కలగన్నది ఆ యంత్రాన్నే. ఆ పోస్టుకి ఇద్దరూ దరఖాస్తు పెట్టారు.

“అతనూ పెట్టాడుగా అప్లికేషన్. మీ అంకెలతో అతనికేంటి పని?” అంది జయలక్ష్మి గ్లాసులు తీస్తూ.

ఆ ప్రశ్న ఆమె అడగకముందే ఆయనలో మొదలైంది. అంకె చెప్పేటప్పుడు తోమాసు తన కళ్లలోకి చూడలేదు, గ్లాసులోకి చూశాడు. వేడి కాఫీ తాగేవాడు గ్లాసులోకే చూస్తాడని కూడా ఆయనకు తోచింది. తోచినంత మాత్రాన అనుమానం తగ్గలేదు.

మర్నాడు క్లాసు చెబుతుండగా విషయం తట్టింది. మనవాళ్లు ఇంటిపేరు ముందు పెట్టుకుంటారు, రావు చివర వస్తుంది. అమెరికా లాంటి దేశాల్లో చివర వచ్చేదే వంశం పేరు. కాబట్టి వల్లూరి శేషగిరిరావు వాళ్లకు రావు వి.ఎస్. వేమూరి సుబ్బారావు కూడా రావు వి.ఎస్.; వెలగపూడి సాంబశివరావు కూడా. ఆ సంపుటంలో వీళ్లంతా ఒక్క మనిషే. కిందటేడు హంగరీ నుంచి ఎవరో, వరి తెగులు మీద మీరు రాసిన పత్రం పంపమని కార్డు రాశారు. వరి తెగులు గురించి ఆయన జన్మలో రాయలేదు.

పందొమ్మిదిలో తనవి ఎన్ని? కమిటీలో ఎవరో ఒకరు ఆ సంపుటం తెరుస్తారు. పరాయి రావుల పని తనదని చెప్పుకున్నవాడిగా వాళ్ల ముందు నిలబడాలి. తోమాసును అడిగితే తెలిసిపోతుంది. కానీ అడిగితే, తను పసిగట్టిన సంగతి అతనికీ తెలిసిపోతుంది.

కాగితంలో, తన కళ్లతో చూసిన మూడు ప్రస్తావనలే రాశాడు.

ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ కాగితం తిరగేసి, ఇంతకాలం చేసిన పనిని ముగ్గురేనా పట్టించుకున్నదని మెత్తగా అడిగాడు. ముగ్గురేనండి అన్నాడు శేషగిరిరావు. ఉచ్చు తప్పించుకున్న తృప్తి ఆయన గొంతులో వినిపించింది.

పోస్టు తోమాసుకి వచ్చింది.

అభినందించే నెపంతో ఆయన తెనాలి వెళ్లాడు. స్టేషన్ బయట టీ కొట్టు దగ్గర అడిగేశాడు.

“ఆ పందొమ్మిదిలో వేరే రావులెంతమందోయ్?”

“ఒక్కరూ లేరండి. రావు వి.ఎస్. పేరున అరవై పైనే ఉన్నాయి. ఒక్కో పత్రం తీయించి చూసి, మిగతా రావుల్ని ఏరేశాకే పందొమ్మిది.”

“మరి ఆ మాట అప్పుడే చెప్పలేదేం?”

“చెబితే మీరు ఆ పందొమ్మిదినీ నమ్మరు మాస్టారూ. మీ దగ్గర చదువుకున్నవాణ్ణి, నాకు తెలీదా?” అన్నాడు తోమాసు. తనకున్నవి ఎనిమిదేననీ, పోస్టు ఆయనకే వస్తుందనుకున్నాననీ చెప్పాడు.

శేషగిరిరావు ముఖం వేడెక్కింది. కాసేపు ఆయన లోపల ఏ అనుమానమూ పలకలేదు. అలాంటి నిశ్శబ్దం ఆయన ఎరగడు.

“యంత్రం వచ్చాక శనివారాలు రండి మాస్టారూ. మీ పని మీరు చేసుకుందురుగాని. నేను అడ్డం రాను.”

వస్తానన్నాడు. అతని భుజం మీద చెయ్యి కూడా వేశాడు. రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక మనసు తేలికపడింది.

నిడుబ్రోలు దాకా ఆ తేలిక ఉంది. తర్వాత, తన స్వభావం అంత బాగా తెలిసినవాడికి, ఏరేసిన సంగతి దాచితే తను ఏం చేస్తాడో కూడా తెలిసే ఉండాలి కదా అనిపించింది. సిగ్గుపడి ఆ ఆలోచనను తోసేశాడు. అది పోయింది. దాని చోట ఇంకొకటి వచ్చి కూర్చుంది. శనివారాలే ఎందుకు రమ్మన్నాడు? మిగతా రోజుల్లో ఆ గదిలో ఏం చేస్తాడు?