బల్ల కింది వేలు

యాభై ఏళ్లొచ్చినా ఇంట్లో ఆమెను చిన్నదనే పిలుస్తారు. లాండ్రీలో ఇస్త్రీ పని. ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలిన దగ్గర్నుంచీ ఆమెకు చనిపోయిన అక్కే కళ్లముందు మెదులుతోంది. అక్కకు క్యాన్సరని ఎడమవైపు కోసి, నయమైపోయిందని పంపేశారు. రెండోవైపు సంగతి ఎవరికీ పట్టలేదు. పట్టేసరికి అక్కే లేదు. అద్దాల మేడలు కట్టుకోవడానికి మాత్రం ఆసుపత్రులకు బోలెడంత తీరిక.

ఆసుపత్రి సీటీ స్కాన్ గదిలో బల్లకు నడుమ గుండ్రటి కన్నం ఉంది.

“బోర్లా పడుకుని, ఎడమవైపుది ఇందులోంచి కిందికి వదిలెయ్యండి ఆంటీ,” అంది స్కాన్ తీసే అమ్మాయి. “పాత మిషన్‌లా అదిమి చంపదు లెండి. కింద చుట్టూ తిరిగి వందల ఫొటోలు తీస్తుంది. కంప్యూటర్ వాటిని కలిపి లోపలంతా పొరలు పొరలుగా చూపిస్తుంది.”

“నా పెళ్లిక్కూడా అన్ని ఫొటోలు తియ్యలేదమ్మా.”

అమ్మాయి నవ్వేసి, ఊపిరి బిగబట్టమని, కదలొద్దని చెప్పి అద్దం వెనక్కి పోయింది. బల్ల కింద రొద మొదలైంది. అప్పుడే చిన్నదాని కుడి రొమ్ముకు కిందినుంచి ఒక వేలు గుచ్చుకుంది. ఆ రొమ్ము గట్టి బల్లకు అదుముకుని ఉంది. వేలు దూరే సందే లేదక్కడ. అయినా ఆ పొడుపు ఆమెకు తెలియనిదా? చిన్నప్పుడు తను మంచం మీద, అక్క మంచం కింద. నిద్ర పట్టనివ్వకుండా నవారు సందుల్లోంచి ఇలాగే పొడిచేది.

ఉలిక్కిపడింది.

“అయ్యో, కదిలిపోయారు! బొమ్మంతా అలుక్కుపోయింది. మళ్లీ తియ్యాలి.”

“తియ్యి తల్లీ. కుడివైపు కూడా తియ్యి.”

“డాక్టరుగారు ఎడమకే రాశారాంటీ. నా ఉద్యోగం ఊడుతుంది.”

“అయితే ఆయన్నే పిలు. అప్పటిదాకా ఈ బల్ల దిగను.”

జన్మలో ఎవరికీ ఎదురు చెప్పని మనిషి అంత మాట అంది.

డాక్టరు విసుక్కుంటూ వచ్చాడు. ఊరికే కిరణాలు తగలనివ్వకూడదని క్లాసు పీకాడు. అక్కకు ఒకవైపు తర్వాత రెండోవైపూ వచ్చిందని చెప్పాకే దిగొచ్చాడు. ఆ అక్క ఇప్పుడెలా ఉందని ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు.

ఎడమది కదలకుండా తీయించుకుంది. తర్వాత కుడివైపుది కన్నంలోకి వదిలి, వేలి కోసం ఎదురుచూసింది. ఈసారి ఏమీ తగల్లేదు. ఊపిరి వదలమని అమ్మాయి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది.

డాక్టరు తెరమీద పొరలు ఒక్కొక్కటీ జరిపాడు. ఎడమవైపుది ఉత్త నీటితిత్తి. కుడివైపు బాగా లోతున, ఎంత తడిమినా చేతికి అందని చోట, ముళ్లముళ్లుగా ఒక మచ్చ.

“దీని ముక్క తీసి పరీక్షకు పంపాలమ్మా. బాగా ముందుగానే దొరికినట్టుంది, కంగారు పడకండి,” అన్నాడు. గొంతులో విసుగు పోయింది. “అసలు కుడివైపు చూడమని మీకెవరు చెప్పారు?”

“మా అక్కండీ.”

“అలాగా. ఆవిణ్ణి కూడా ఓసారి తీసుకురండి, చూద్దాం.”

“వచ్చే ఉందండీ,” అంది చిన్నది, బల్లవైపు చూడకుండా.