పదకొండు ముళ్లు

ఇక్కడ గల్ఫ్‌లో, రిఫాలోని మా కాలేజీ గ్రౌండ్‌కి పోయిన వారం కొత్త టేపు వచ్చింది. గోల్ గీత నుంచి పెనాల్టీ చుక్క దాకా లాగి చూశాను. పది మీటర్ల ఆరు సెంటీమీటర్లు. మళ్లీ లాగాను. అంతే. ఉండాల్సింది పదకొండు మీటర్లు.

గ్రౌండ్ చూసుకునేది నేను, చుక్క పెట్టిందీ నేనే. నిరుడు గోల్స్ ముందు కొత్త గడ్డి పరిచినప్పుడు పాత చుక్కలు రెండూ పోయాయి. "పదకొండు" అన్నాడు కోచ్. ఇరవై ఏళ్లు గోడలు కట్టినవాణ్ని, నాకు కొలతంటే గజమే. గజానికో ముడి వేసిన నా తాడు పరిచి పదకొండు ముళ్లు లెక్కపెట్టాను. మీటరు గజం కన్నా పెద్దదని తెలియదా అంటే, తెలుసు. ఆ పూట బుర్రకు తట్టలేదు. పైగా చుక్క గుండ్రంగా వచ్చిందని మురిసిపోయాను, దిక్కుమాలినవాణ్ని!

మా గోల్‌కీపర్ రాజా. భీమవరం వైపు వాళ్లు. నిరుటి ప్రాంతీయ కాలేజీల లీగ్‌లో బయటి గ్రౌండ్లలో నాలుగు పెనాల్టీలు ఆపాడు. మా గ్రౌండ్‌లో ఒక్కటీ ఆపలేదు. ఫైనల్ ఇక్కడే పెనాల్టీల దాకా వచ్చింది. ఐదుకు ఐదూ వదిలేశాడు. అవతలివాడు ఒకటి ఆపాడు, కప్పు వాళ్లదైంది.

"సొంతవాళ్ల ముందు వణుకుతాడు" అని కోచ్ జట్టులోంచి తీసేశాడు. వాళ్ల నాన్న శ్రీనివాసరాజు గారు అందరి ముందూ "చేతగాని వెధవ" అని లేచి వెళ్లిపోయారు. నేనూ నవ్వాను. మర్నాడు రాజా తన గ్లోవ్స్ నాకిచ్చాడు, గీతలు గీసే సున్నానికి నా చేతులు పొక్కుతున్నాయని. అవే ఇప్పుడూ నా చేతులకున్నాయి.

పరుగున వెళ్లి కోచ్‌కి చెప్పాను. "పోయిన సీజన్ ఖలాస్. నోరు విప్పితే నీ డ్యూటీ కూడా ఖలాస్" అన్నాడు.

భయం వేసింది. అయినా రాజాకి ఫోన్ చేశాను.

"బిడ్డా, ఆ చుక్క నేనే తప్పు పెట్టిన. మీటరుకు జెరంత తక్కువ, అంత దగ్గరికొచ్చింది. నీ తప్పు గాదు, నాది."

ఆగకుండా నేనే అన్నాను:

"తిట్టు బిడ్డా."

"మా నాన్న ఇంట్లోనే ఉన్నారు బాబాయ్. ఫోనిస్తాను, ఇప్పుడన్న మాట మళ్లీ అంటావా? ఆ రోజు నుంచీ నాతో మాట్లాట్లేదు."

గ్లోవ్స్ విప్పాను.

"ఫోన్ల వద్దు బిడ్డా. తాడు పట్కోని నేనే ఇంటికొస్త."