ఉతికిన పాస్‌పోర్టు

సబ్బు వాసన.

విమానాశ్రయంలో సబ్బు వాసన ఎక్కడిది? సెంటు వాసన ఉంటుంది, కాఫీ వాసన ఉంటుంది. ఇది ఇంటి వాసన. తీగ మీద ఆరేసిన బట్టల వాసన.

ఒకాయన నా చెక్-ఇన్ కౌంటర్ మీద పెట్టిన పాస్‌పోర్టులోంచి వస్తోంది.

తెరిచాను. ఉబ్బిన పేజీలు ఒకదాన్నొకటి వదలవు. చొక్కా రంగు దిగి ఫోటో నిండా నీలం. ముక్కు ఉంది... కళ్ళు లేవు. వీసా ఉండాల్సిన పేజీలో మరక ఉంది.

మెషీన్ మీద పెట్టాను. చదవలేదు.

తుడిచి మళ్ళీ పెట్టాను. చదవలేదు.

“జేబు తడిమి చూడలేదమ్మా,” అంది పక్కనున్న ఆయన భార్య. “ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. ఆ కంగారులో అన్నీ కలిపి ఉతికేశాను.”

“మా ఆవిడ చేతిలో పడితే ఏదైనా తెల్లబడాల్సిందే,” అన్నాడాయన. నవ్వబోయాడు. రాలేదు.

ఆయన వెళ్ళాల్సింది అక్క దగ్గరికి. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన అక్క. పరాయి దేశంలో, ఆసుపత్రి మంచం మీద ఉంది. డాక్టర్లు చేతులెత్తేశారు. చూడాలనుకుంటే ఇవాళే బయలుదేరమన్నారట.

ఇవాళే.

ఏం చెప్పమంటారు! నేను ఎక్కించినా అక్కడ లోపలికి రానివ్వరు. వచ్చిన విమానంలోనే వెనక్కి పంపేస్తారు. కొత్త పాస్‌పోర్టు, మళ్ళీ వీసా — అవి చేతికొచ్చేదాకా ఆ అక్క ఉండాలిగా?

పై ఆఫీసరును అడిగాను. అతనూ తల అడ్డంగా ఊపాడు.

పాడు నియమం. రాసింది నేను కాదు. చెప్పే నోరు మాత్రం నాది.

“కుదరదండీ.”

ఆయన వాదించలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఎదురుగా బెంచీ మీద కూర్చున్నారు. ఆమె పాస్‌పోర్టును ఒళ్ళో పరిచి, అద్దాల్లోంచి పడే ఎండకు పెట్టింది. ఒక్కో పేజీనీ అరచేత్తో అద్దింది. ఊదింది. పిచ్చితల్లి! ఆరితే మాత్రం ఆ ముఖం తిరిగొస్తుందా?

ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు. ఆ చేతుల వంకే చూస్తూ కూర్చున్నాడు.

ఫోన్ మోగింది. స్పీకర్‌లో పెట్టాడు. ఊపిరి ఎక్కువ, మాట తక్కువ ఉన్న గొంతు.

“బయలుదేరావా రా?”

ఆయన భార్య వంక చూశాడు. ఆమె ఊదడం ఆపేసింది.

“ఎక్కేశానక్కా.”

“కిటికీ పక్కన... దొరికిందా? లేకపోతే నీకు తిప్పుతుంది.”

“దొరికిందక్కా.”

“తిన్నావా?”

ఆయన అరచేత్తో నోరు నొక్కుకున్నాడు. తిన్నావా రా, తిన్నావా — అక్క అడుగుతూనే ఉంది. ఇంకొక్క క్షణమైతే భోరుమనేవాడు. అక్కకు తెలిసిపోయేది.

నేను కౌంటర్ వదిలి వెళ్ళాను. ఎలా వెళ్ళానో నాకే తెలీదు. ఫోన్ మీదికి వంగి, గట్టిగా అన్నాను —

“సార్, ఫోన్ ఆపేయండి. విమానం బయలుదేరుతోంది.”

“ఆపెయ్ నాన్నా, ఆపెయ్. వాళ్ళు కోప్పడతారు,” అంది అవతలి గొంతు, సంబరంగా. “నేను మేలుకునే ఉంటాలే.”

ఆయన ఆపేశాడు.

కాసేపటికి ఆయన ఎక్కాల్సిన విమానం నిజంగానే లేచింది. దాని నీడ అద్దాల మీదుగా, ఆమె ఒళ్ళోని నీలం ముఖం మీదుగా పోయింది.

అది అక్కడ దిగేదాకా ఆయన గాలిలోనే ఉన్నట్టు. ఫోన్ తెరవకూడదు. తెరిస్తే దిగిపోయినట్టే... దిగాక ఏం చెప్తాడు?

నేను మేలే చేశానా? తమ్ముడికీ అక్కకీ మధ్య ఉన్న ఆఖరి మాట తెంపేశానా?

కౌంటర్‌కు తిరిగొచ్చాను. తర్వాతి మనిషి పాస్‌పోర్టు అందించాడు. ఫెళఫెళలాడే కొత్తది. మెషీన్ ఒక్కసారికే చదివేసింది.

“కిటికీ పక్కన ఇస్తారా?” అన్నాడు.

తల దించుకున్నాను. నా వేళ్ళకు ఇంకా...

సబ్బు వాసన.